నల్లగీతల తీర్పు

"ఈ క్షణం నుంచి తాటిగుంటపేటలో న్యాయానికి తాళం లేదు!" అని ఎమ్మెల్యే గారు మైకులో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఆయన రిబ్బన్ కత్తిరించి 'తీర్పుల పౌర ప్రాప్తి కేంద్రం' తలుపు తోశారు. తలుపు తెరుచుకోలేదు. తాళం వేసి ఉంది. తాళంచెవి పౌర సమాచార అధికారి దివాకర్ గారి జేబులో ఉంది. అడిగిన వారికల్లా తాళంచెవి ఇచ్చే మనిషి కాదాయన. అడుగుతున్నది ఎవరు, ఏ హోదాలో అడుగుతున్నారు అని తేల్చుకున్నాక స్వయంగా వచ్చి తీశారు. అంతసేపూ ఎమ్మెల్యే గారు ఎండలో నవ్వుతూ నిలబడ్డారు, ఫొటోగ్రాఫర్లు ఉన్నారు కాబట్టి.

తాటిగుంటపేట అన్నది రామన్నపేట నుంచి నల్గొండ పోయే దారిలో చిన్న ఊరు. జిల్లాలు విడగొట్టినప్పుడు తాను ఏ జిల్లాలో పడిందో ఆ ఊరికి చాలాకాలం తెలియలేదు. దానికో కోర్టుంది. ఆ కోర్టులో వచ్చిన ఏ తీర్పునైనా, ఏ పౌరుడైనా, సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పడేసి నకలు తీసుకుపోవచ్చునని ప్రభుత్వం ఈ కేంద్రం పెట్టింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని ఎమ్మెల్యే గారన్నారు. రెండోది ఉండబోదని అప్పుడెవరికీ తెలియదు.

దివాకర్ గారిని ఈ పదవికి ఏరికోరి తెచ్చారు. అంతకుముందు ఆయన ఒక రికార్డు గదికి అధిపతి. ఆయన హయాంలో ఆ గదిలోంచి ఒక్క కాగితం బయటికి పోలేదు. ఒక ఏడాది వాన నీళ్లొచ్చి ఫైళ్లు తడిసి ముద్దయితే, ఎండబెట్టడానికైనా సరే, గడప దాటనివ్వలేదు. సమాచారాన్ని ఇంతలా ప్రేమించే మనిషి దగ్గరైతేనే సమాచారం క్షేమంగా ఉంటుందని పైవాళ్లు తలచారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

చట్టం ప్రకారం సమాచార అధికారి పేరు బోర్డు మీద రాయించాలి. దివాకర్ గారు రాయించారు. పేరన్నది వ్యక్తిగత సమాచారం కనుక, దాని మీద ఒక తెల్లకాగితం కూడా అతికించారు.

మర్నాడు పొద్దున్నే తొలి పౌరురాలు వచ్చింది. ఊదరపల్లి నుంచి నర్సింగమ్మ. ఏభై దాటిన మనిషి, నెత్తిన కొంగు, చేతిలో సంచి. ఆమెకు బత్తాయి తోట ఉంది. తోటకు పోయే బండ్ల బాట మీద పార్టీ మండల అధ్యక్షుడు సతీశ్ ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. బాట తన పొలంలోంచి పోతోంది కాబట్టి తనదే అన్నాడు. నర్సింగమ్మ కోర్టుకెక్కింది. ఏళ్లు తిరిగింది. గెలిచింది.

"గేటు తీసెయ్యాలని జడ్జి సారు సదివి ఇనిపిచ్చిండు సారూ. నా రెండు చెవులతోని ఇన్న" అంది నర్సింగమ్మ. "పోలీసోల్ల కాడికి పోతే కాయితం ఏదంటుండ్రు. కాయితమేమో మా వకీలు కాడున్నది. గెలిచిన వారంల ఆయన పోయి సతీశ్ పార్టీల చేరిండు. లీగల్ సెల్ కన్వీనరైండట. ఫోను ఎత్తడు. కోర్టుల ఇంకో నకలు అడిగితే, ఇగ అన్ని గా కేంద్రంలనే అన్నరు. కాయ పండింది సారూ. కాయ ఎత్తుకపోను డీసీఎం బండి గేటు కాడికొచ్చి ఉత్తగ మర్లిపోయింది. ఇంకిన్ని దినాలైతే అంత రాలిపోతది."

దివాకర్ గారి గుండె ఉప్పొంగింది. ఉద్యోగ జీవితంలో ఒక పౌరురాలు నేరుగా వచ్చి సమాచారం అడగడం, దాన్ని తాను చట్టబద్ధంగా ఎదుర్కోవడం ఇదే మొదటిసారి. కళ్లజోడు తుడుచుకున్నారు.

"నీ పేరు?"

"నర్సింగమ్మ."

"ఎవరి తీర్పు కావాలి?"

"నాదే."

"నాదే అంటే చట్టానికి అర్థం కాదు. పేరు చెప్పాలి."

"నర్సింగమ్మ."

"అంటే నర్సింగమ్మ అనే స్త్రీకి భూమి ఎంతుంది, ఎక్కడుంది, ఎవరితో తగాదా పడింది, ఇవన్నీ నీకు కావాలి. ఇది ఆమె వ్యక్తిగత సమాచారం అమ్మా. దారిన పోయే వాళ్లందరికీ పంచిపెడతామా?"

"అయ్యో రామా! నేనే గద సారూ నర్సింగమ్మను!"

ఆమె సంచిలోంచి ఆధార్ కార్డు తీసింది. ఆధార్ మరీ వ్యక్తిగతమని దివాకర్ గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. కార్డు సంచిలోకి పోయిందని కంప్యూటర్ ఆపరేటర్ స్నిగ్ధ చెప్పాకే తెరిచారు.

"ఒక మాట చెప్పమ్మా. రేపు ముక్కూమొహం తెలియని ఎవరో వచ్చి నీ సంగతులన్నీ అడిగితే, నేను చెప్పేస్తే, నీకు బాగుంటుందా?"

నర్సింగమ్మ ఆలోచించింది. "బాగుండదు సారూ."

"అందుకే ఇవ్వను. నీ మంచికే."

"మంచిది సారూ, సల్లగుండు" అని దండం పెట్టి ఆమె వెళ్లిపోయింది. బస్టాండు దాకా పోయాక ఏదో తేడా కొట్టి మళ్లీ పరుగెత్తుకొచ్చింది గానీ, అప్పటికి కేంద్రానికి లంచ్ అవర్.

వరండాలో కూలబడిన ఆమెకు స్నిగ్ధ మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "అవ్వా, గిట్ల కాదు గని, అప్పీలు పెట్టు. పైన అప్పీలు అధికారి అని ఇంకో సారుంటడు."

"గాయిన ఎక్కడుంటడు బిడ్డా?"

స్నిగ్ధ లోపలి గది వైపు ఒకసారి చూసింది. "గా పోస్టు ఖాళీగుంది. ఇన్‌చార్జి మా సారే" అంది.

అప్పీలు విచారణ రోజున దివాకర్ గారు ఇంట్లోంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. తనపై తానే విచారణ జరుపుతూ పక్షపాతం చూపించాడన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. గదిలో టేబుల్‌కు అటొక కుర్చీ ఉంది. ఇటు నిలబడే జాగా ఉంది. ముందుగా కుర్చీలో కూర్చున్నారు.

"ఏమండీ దివాకర్ గారూ! ఒక పేద రైతు తీర్పు నకలు అడిగితే ఎందుకివ్వలేదు?" అని గద్దించారు.

లేచారు. టేబుల్ చుట్టూ తిరిగొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "వ్యక్తిగత సమాచారం ఉంది సార్."

మళ్లీ పోయి కూర్చున్నారు. "తీర్పంతా వ్యక్తిగతమేనా? ఇవ్వగలిగిన భాగం వేరుచేసి ఇవ్వాలని పదో సెక్షన్ మొత్తుకుంటోంది. చదివారా?"

తిరిగొచ్చారు. "పని ఒత్తిడి సార్..."

కూర్చున్నారు. "ఒత్తిడా! కేంద్రం పెట్టిన నాటి నుంచి ఒక్క దరఖాస్తు వచ్చింది. సిగ్గుండాలి!"

ఈసారి లేచి వచ్చిన దివాకర్ గారి మొహం నిజంగానే చిన్నబోయింది. తల దించుకున్నారు. గోడవారన నిలబడి చూస్తున్న నర్సింగమ్మకు జాలేసింది.

"పోనీ తియ్యి సారూ" అంది ఖాళీ కుర్చీ వైపు తిరిగి. "గాయినను గంతగనం తిట్టకుండ్రి. పాపం, అప్పటిసంది నిలబడే ఉన్నడు."

ఆమె మాట మీద గౌరవంతో అప్పీలు అధికారి గారు మెమోతో సరిపెట్టారు. వ్యక్తిగత వివరాలు తీసేసి తక్కిన తీర్పు వెంటనే ఇవ్వాలని ఆదేశించారు. నర్సింగమ్మ సంతోషం పట్టలేక సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి టేబుల్ మీద పెట్టింది. అవి చెట్టున కోసినవి కావు. రాలినవి.

"సూడుండ్రి సారూ, ఒక పక్క మెత్తబడ్డయి. పిల్లలను సాకినట్టు సాకిన చెట్లను. బుట్టలల్ల నెత్తిమీద మోసుకపోదమంటే చెరువు కట్ట సుట్టు తిరిగి పోవాలె, నా మెడలిరిగిపోతున్నయి. కండ్ల ముంగటనే పాడైపోతాంటే ఏడుపొస్తాంది." కళ్లు తుడుచుకుంది.

దివాకర్ గారు కదిలిపోయారు. అయినా దరఖాస్తుదారు నుంచి కానుక పుచ్చుకోకూడదు. బత్తాయిలను తిరిగిచ్చి, వెంటనే పనిలోకి దిగారు.

స్నిగ్ధ నల్ల మార్కర్ పట్టుకుంది. దివాకర్ గారు తీర్పులో ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివారు. నర్సింగమ్మ పేరు, కొట్టెయ్. సతీశ్ పేరు, కొట్టెయ్. ఊరు, సర్వే నంబరు, కొట్టెయ్.

"సార్, ఇక్కడ గేటు అని ఉంది" అంది స్నిగ్ధ.

"గేటు ఎవరిది?"

"సతీశ్‌ది."

"అయితే అతని సొంత ఆస్తి. కొట్టెయ్."

"బాట?"

"ఆడమనిషి ఏ బాటన నడుస్తుందో ఊరికి చాటుతామా? కొట్టెయ్."

"బత్తాయి తోట?"

"ఆమె ఏం పండించుకుంటే ఎవరికెందుకు?"

ఒక మార్కర్ అయిపోయింది. రెండోది తెప్పించారు. సాయంత్రానికి తీర్పు తయారైంది. పేజీలన్నీ కొత్తగా తారు పోసిన రోడ్డులా నిగనిగలాడుతున్నాయి. మొదటి పేజీలో "విచారించగా" అన్న మాట మిగిలింది. నడుమ ఒకచోట "అయినందున" కనిపించింది. చివర్న "వెంటనే తొలగించవలెను" అని ఉంది. దాని కింద కేంద్రం గుండ్రటి సీలు, దివాకర్ గారి సంతకం. సంతకం మీద కూడా ఒక గీత గీశారు.

"సార్, 'వెంటనే తొలగించవలెను' ఉంచమంటరా?" అని స్నిగ్ధ అడిగింది.

దివాకర్ గారు చాలాసేపు ఆలోచించారు. దాంట్లో ఎవరి ఊరూ పేరూ లేదు. "ఉంచు. పారదర్శకత కూడా ఉండాలి కదా" అన్నారు.

ఆ నకలు అందుకున్న నర్సింగమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకు పెట్టి చూసింది. "సీలు మంచిగుంది" అని మడిచి సంచిలో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచింది.

గంట గడవకముందే ఎస్సై ఫోను చేశాడు.

"సార్, ఈ కాగితం మీ ఆఫీసుదేనా?"

"సీలు మాదే."

"ఏం తొలగించాల్నట?"

"అది చెప్పడానికి లేదు."

"ఎవరిది?"

"లేదు."

"పోనీ ఏ ఊళ్లె?"

"మీరు పోలీసులు. పరిశోధించండి."

"అసలు ఇది నిజమైన తీర్పేనా సార్?"

"నూటికి నూరు పాళ్లు" అన్నారు దివాకర్ గారు గర్వంగా.

ఫోను అవతల నర్సింగమ్మ గొంతు వినబడింది. "దేవుడు వరమిచ్చిండు సారూ, పూజారే ఇస్తలేడు!" ఎస్సై నిట్టూర్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఇంకా నిట్టూర్పులు మిగిలి ఉన్నాయి.

"అమ్మా, దీంట్ల ఫలానా గేటు తియ్యాలని లేదు. నేను తియ్యను" అని ఆమెకు చెబుతున్నాడు. "తియ్యొద్దని కూడ లేదు. ఎవలన్న చేతుల ఆర్డరు పెట్టుకొని తీస్తే నేనెట్ల ఆపుత? కోర్టు తీర్పాయె."

అటునుంచి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. తర్వాత నర్సింగమ్మ "మంచిది బిడ్డా" అనడం వినబడింది. దివాకర్ గారు ఫోను పెట్టేసి, వ్యవస్థలో అందరూ రూల్స్ ప్రకారం నడుచుకుంటున్నందుకు తృప్తిగా టీ తాగారు.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున సతీశ్ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా, వెంట నలుగురు. రావడమే గావుకేక.

"సార్! నా గేటు పీకిండ్రు!"

"ఎవరు?"

"ఇంకెవలు, నర్సింగమ్మ! కాలువ పనికొచ్చిన జేసీబీని తోల్కపోయింది. గా డ్రైవర్ సైదులు గాడు నా తాననే పనిజేసినోడు. అయినా గీ కాయితం జూపియ్యంగనే, 'వెంటనే తొలగించవలెను' అని సదివి, సీలు జూసి, లివరు గుంజిండు! రెండు నిమిషాలల్ల గేటు నేల మీద పన్నది!"

"డ్రైవర్ చదువుకున్నవాడన్న మాట" అన్నారు దివాకర్ గారు మెచ్చుకోలుగా. "ఎస్సై గారేమన్నారు?"

"గీ ఆర్డరు నీ గేటుది కాదని రుజువు తెస్తే కేసు రాస్తనంటుండు."

"అదెంత పని? అసలు తీర్పు నకలు మీ దగ్గర ఉండే ఉంటుంది. అది చూపించండి."

సతీశ్ కండువా సర్దుకున్నాడు. వెంట వచ్చిన నలుగురూ గోడ మీది క్యాలెండర్ చూడసాగారు. అతని దగ్గరున్న నకలులో గేటు అతనిదేనని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది.

"గది... గది వద్దు సార్" అన్నాడు. "మీరే రాసియ్యుండ్రి. గీ నల్లగీతల కింద నా గేటు లేదని ఒక్క ముక్క. అంతే."

"గీతల కింద ఏముందో చెప్పడం సమాచారమే. ఏం లేదో చెప్పడమూ సమాచారమే. దరఖాస్తు పెట్టుకోండి."

"నేను మండల అధ్యక్షున్ని సార్!"

"ఎవరు అడుగుతున్నారన్నది చట్టం చూడదు. నేనూ చూడను."

సతీశ్ ఫోను తీసి ఎమ్మెల్యే గారికి కలిపిచ్చాడు. దివాకర్ గారు లేచి నిలబడి ఫోను అందుకున్నారు. "మనోడే, జర సూడుండ్రి" అన్నారు ఎమ్మెల్యే గారు. "తప్పకుండా సార్, రూల్ ప్రకారం తప్పకుండా" అన్నారు దివాకర్ గారు. ఇద్దరూ సంతోషించారు. సతీశ్ అక్కడే కూర్చుని దరఖాస్తు రాశాడు.

రూల్ ఏమంటే, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పాలంటే ముందు ఆ ఒకరికి నోటీసివ్వాలి. అభ్యంతరం ఉందో లేదో కనుక్కోవాలి. ఆ ఒకరు నర్సింగమ్మ. దివాకర్ గారు పొడుగాటి ఖాకీ కవరులో నోటీసు పెట్టి, నాలుగు మూలలా గుండ్రటి సీళ్లు గుద్ది, రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అది "చిరునామాదారు ఊళ్లో లేరు" అని తిరిగొచ్చింది.

ఊదరపల్లిలో తాతల కాలం నుంచి ఒక పద్ధతుంది. పొడుగు కవరు మీద గుండ్రటి సీలు కనబడిందంటే, ఆ పేరుగల మనిషి ఊళ్లో ఉండడు. సంతకం పెట్టి తీసుకున్నవాడే కదా కోర్టు మెట్లెక్కి చెప్పులరిగేలా తిరిగేది! అందుకని పోస్ట్‌మన్ వచ్చినప్పుడు ఆ మనిషే అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ, "గాయిన బొంబాయి పోయిండు" అని చెబుతాడు. పోస్ట్‌మన్ కూడా ఆ ఊరివాడే కాబట్టి, "అట్లనా, ఎప్పుడు పోయిండు?" అని మర్యాదకు అడిగి, రాసుకుని పోతాడు.

దివాకర్ గారు పొరుగూరివారు. ఈ పద్ధతి ఆయనకు తెలియదు. నోటీసును స్వయంగా అందజేయాలని నిశ్చయించుకుని, స్కూటర్ మీద ఊదరపల్లి బయల్దేరారు. అడిగిన వాళ్లందరూ ఒకే దిక్కు చూపించారు. బండ్ల బాట పట్టుకుని పోతే, ఒకచోట గేటు స్తంభాలు పడి ఉన్నాయి. వాటి మీద కూలీలు టిఫిన్ డబ్బాలు పెట్టుకున్నారు. స్కూటర్‌ను బాట నడిమధ్య స్టాండు వేసి, కవరు చేతబట్టుకుని తోటలోకి నడిచారు.

తోటలో డీసీఎం నిలబడి ఉంది. ఆడవాళ్లు కోసిన కాయ కోసినట్టు గంపలకెత్తుతున్నారు. నర్సింగమ్మ కొంగు నడుముకు చుట్టి, గంప అందిస్తూ, "మెల్లగ, మెల్లగ! దెబ్బ తగిలితే మార్కెట్ల అడ్డికి పావుశేరడుగుతరు!" అని అరుస్తోంది. మొహం వెలిగిపోతోంది. సారును చూసి సంతోషంగా ఎదురొచ్చింది. ఆయన చేతిలోని పొడుగు కవరు చూసింది. సీళ్లు చూసింది. ఆగిపోయింది.

దివాకర్ గారు పద్ధతి ప్రకారం గొంతు సవరించుకున్నారు. "నర్సింగమ్మ అనే ఆవిడ ఉన్నారా?"

"లేదు సారూ" అంది నర్సింగమ్మ.

"ఎక్కడికి పోయారు?"

"బొంబాయి."

గంపలెత్తుతున్న ఆడవాళ్లంతా అవునని తలూపారు. "పాపం, మొన్ననే పోయింది" అంది ఒకామె.

"ఎప్పుడొస్తారు?"

నర్సింగమ్మ చెట్ల వైపు చూసి లెక్కగట్టింది. "బత్తాయి అయిపోయినంక."

"మరి నువ్వు..." అనబోయి దివాకర్ గారు చప్పున నాలుక్కరుచుకున్నారు. ఒక స్త్రీని పట్టుకుని నువ్వెవరు, నీ పేరేమిటి అని అడగడమా! ఆయన అంతకు దిగజారే అధికారి కాదు. కవరు వెనక "చిరునామాదారు ఊళ్లో లేరు. సతీశ్ దరఖాస్తు తదుపరి చర్యకు వీలులేనందున ముగించడమైనది" అని రాశారు. దానికొక సాక్షి కావాలి.

"నర్సింగమ్మ ఊళ్లో లేదని ఎవరైనా సంతకం చేయాలమ్మా."

"నేను జేస్త తియ్యి సారూ" అంది నర్సింగమ్మ. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన చూపించిన చోట శ్రద్ధగా వేలిముద్ర వేసింది.

పని సంపూర్ణమైంది. దివాకర్ గారు కవరును చంకన పెట్టుకున్నారు. నర్సింగమ్మ చెంబుతో చల్లటి నీళ్లిచ్చింది. తాగారు. డీసీఎం నిండింది, తలుపు బిగించారు, డ్రైవర్ ఇంజన్ పెట్టి హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు కొట్టాడు.

"సారూ" అంది నర్సింగమ్మ. "ఏమనుకోకుండ్రి. జర గా మీ స్కూటరు తియ్యరాదుండ్రి. బాటకు అడ్డమున్నది."

"అయ్యో, చూసుకోలేదమ్మా" అని దివాకర్ గారు గబగబా పోయి, స్కూటర్‌ను పక్కకు జరిపారు.